నా ముక్కు గురించి రెండు సాక్ష్యాలు

ఒకే ముక్కు గురించి నేను మా తెలుగు క్రైస్తవ సంఘంలో రెండుసార్లు లేచి సాక్ష్యం చెప్పాను. మొదటిది అబద్ధం కాదు, కానీ సగమే. ఆ సగం మాట ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చింది. రెండోది ఆ మిగిలిన సగం చెప్పడానికి. ఇదంతా జరిగి నాలుగేళ్ళయింది. ఇప్పుడు ఆగస్టు నెల వస్తోందంటే నాకు భయం వేయడం లేదు కనుక, ఆనాటి డైరీలు ముందు పెట్టుకుని వరసగా రాస్తున్నాను. ముక్కుతో అవస్థపడేవారికి ఇందులో కొంత ఉపయోగం ఉండవచ్చు. సాక్ష్యాలు చెప్పే అలవాటున్నవారికి ఇంకాస్త ఎక్కువే ఉండవచ్చు.

నా పేరు దేవసహాయం. కృష్ణా డెల్టాలో కాలువ లాకుల దగ్గర ముప్పై మూడేళ్ళు పనిచేశాను. పొద్దునా సాయంత్రమూ మెట్లు దిగి, గోడ మీది గేజి చూసి, నీటిమట్టం పుస్తకంలో రాయడం నా ఉద్యోగం. డైరీ అలవాటు అక్కడినుంచే వచ్చింది. రిటైరయ్యాక 1979లో నేనూ, నా భార్య కరుణమ్మా మా అమ్మాయి ఎస్తేరు దగ్గరికి, అమెరికాలో చికాగో పక్కనున్న నేపర్‌విల్ వచ్చాము. ఎస్తేరు ఆస్పత్రిలో నర్సు. అల్లుడు ప్రకాశ్ ఇంజనీరు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో తెలుగువాళ్ళం నలభై మందిమి చేరేవాళ్ళం. నన్ను సంఘ పెద్దగా ఎన్నుకున్నారు. అందరికన్నా పెద్దవాణ్ణి కావడం తప్ప నేను అందుకోసం చేసిందేమీ లేదు.

1980, 1981

1980 ఆగస్టు 17న డైరీలో మొదటిసారి కనబడుతుంది: "ఉదయం పదకొండు తుమ్ములు. జలుబు." సెప్టెంబరంతా "జలుబు తగ్గలేదు" అనే ఉంది. అక్టోబరు రెండో వారంలో "జలుబు తగ్గింది. మిరియాల పాలు పనిచేశాయి" అని రాసుకున్నాను. మరుసటి ఏడు మళ్ళీ ఆగస్టులోనే పట్టుకుంది. మళ్ళీ అక్టోబరు రెండో వారంలోనే వదిలింది. ఈసారి "పసుపు ఆవిరి పనిచేసింది" అని ఉంది. రెండేళ్ళూ మంచు మొదలైన వారంలోనే ముక్కు తెరుచుకుందని రెండు పుస్తకాలూ పక్కపక్కన పెడితే చిన్నపిల్లవాడికైనా తెలుస్తుంది. నేను రాశానే తప్ప ఎన్నడూ పక్కపక్కన పెట్టలేదు.

అది ఎలాంటి బాధో చెప్పాలి. కళ్ళ కింద, నుదుటి వెనక ఎవరో తడి ఇసుక కూరినట్టుండేది. నిలబడితే ఓర్చుకోవచ్చు. మోకరించి తల వంచానా, ఆ ఇసుకంతా జారి ముందుకు వచ్చి కనుబొమల మీద కూర్చునేది. సంఘ పెద్దకి మోకరించడం తప్పదు కదా. నా ప్రార్థనలు క్లుప్తమవుతూ వచ్చాయి. అది వినయమని కొందరు మెచ్చుకున్నారు.

కరుణమ్మ మాత్రం మెచ్చుకోలేదు. "ఇంట్లో కుక్కరొకటి, మీరొకరు. అదైనా మూడు కూతలకి ఆగుతుంది" అనేది.

1982 ఆగస్టు 20, శుక్రవారం

ఎస్తేరు ఇక వినలేదు. "నాన్నా, ఇది జలుబు కాదు, ఎలర్జీ. అపాయింట్‌మెంట్ బుక్ చేశాను. మిరియాలు తీసి లోపల పెట్టు" అని ఎలర్జీ డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళింది.

వెయిటింగ్ రూములో పన్నెండు మందిమి ఉన్నాము. ఒకరు తుమ్మితే మిగతావాళ్ళం "బ్లెస్ యూ" అనాలి. పదినిమిషాలకు ఎవరికీ ఓపిక లేక మానేశాము. లోపల నా చొక్కా విప్పించి, వీపు మీద పెన్నుతో అంకెలు వేసి, ఒక్కో అంకె దగ్గర ఒక్కో మందుచుక్క పెట్టి సూదితో గీరారు. లాకు గోడకి గేజి గీతలు గీసినప్పుడు ఆ గోడకి ఎలా ఉంటుందో ఆరోజు తెలిసింది. ఇరవై నిమిషాల తరువాత ఏడో నంబరు గారెలా పొంగింది.

"రాగ్‌వీడ్" అని డాక్టరుగారు ఒక మొక్క బొమ్మ చూపించారు.

"ఇది దవనం కదా!" అన్నాను.

ఎస్తేరు నావైపు తిరిగింది. "గరాజ్ వెనకాల నువ్వు నీళ్ళు పోస్తున్నావే, అదేనా?"

అదే. ఆకు అచ్చం దవనంలాగే ఉంటే, పరాయి దేశంలో దవనం మొలిచిందన్న సంతోషంతో రెండేళ్ళుగా పాదు చేసి పెంచుతున్నాను. వాసన లేదేమిటని ఒకసారి అనుమానం వచ్చింది. కానీ అప్పటికే నా ముక్కు మూసుకుపోయి ఉంది.

డాక్టరుగారు నవ్వు ఆపుకుని, పీకేసినా లాభం లేదనీ, ఇల్లినాయ్ రాష్ట్రమంతా అదే మొక్క అనీ, మంచు పడి అది చచ్చేదాకా దాని పుప్పొడి గాలిలో ఉంటుందనీ చెప్పి, ఒక స్ప్రే రాశారు. కొత్తగా వస్తున్న స్టెరాయిడ్ స్ప్రే. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను: రోజుకు రెండుసార్లు. ఒక్కరోజులో ఏమీ తెలియదు, వారం పట్టవచ్చు, రెండు వారాలూ పట్టవచ్చు. బాగున్నా ఆపకూడదు, సీజన్ అయ్యేదాకా కొట్టాలి. ఆఖరి మాట కింద గీత కూడా గీశాను.

ఇంట్లో ఆ సాయంత్రం సభ జరిగింది. "స్టెరాయిడా? మామయ్యగారూ, వెయిట్‌లిఫ్టర్లు తీసుకునేది అదే కదా" అన్నాడు ప్రకాశ్ వేళాకోళంగా.

కరుణమ్మ హడలిపోయింది. "అరవై దాటాక ఈయనకి కండలెందుకే?"

"అమ్మా, అది వేరు, ఇది వేరు. ఇది ముక్కులో కొంచెం పడుతుంది, అంతే" అని ఎస్తేరు ఎంత చెప్పినా ఆమె మనసులో ఆ మాట ఉండిపోయింది.

మొదటిసారి కొట్టుకున్నప్పుడు చల్లటి గాలి ముక్కులో చెంపదెబ్బలా తగిలింది. మా నాన్నగారు నశ్యం పీల్చడం చిన్నప్పుడు చూసినవాణ్ణి కనుక, అదే పద్ధతిలో బలంగా ఎగబీల్చాను. మందంతా గొంతులో దిగి చేదు. రెండోరోజు సూటిగా ముక్కు మధ్యగోడకి కొట్టుకుంటే చిన్న రక్తపు చారిక కనబడింది. ఎస్తేరు అద్దం ముందు నిలబెట్టి నేర్పింది: తల కొంచెం వంచాలి, మొన చెవి వైపు తిప్పాలి, నెమ్మదిగా పీల్చాలి. "నశ్యం కాదు నాన్నా. పువ్వు వాసన చూసినట్టు" అంది.

ఆగస్టు 22 నుంచి సెప్టెంబరు 5

ఆ ఆదివారం ప్రార్థనాంశాలు అడిగినప్పుడు కరుణమ్మ లేచి నా ముక్కు సంగతి చెప్పింది. పాస్టరు జయరాజుగారికి అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా లేవు. చికాగోలో వేదాంతం చదువుకుంటూ మా సంఘాన్ని చూసుకునేవారు. ఆయన నా తలమీద చేయి పెట్టారు. అందరూ ప్రార్థించారు. అందరికన్నా దీర్ఘంగా చేసింది సుగుణమ్మగారు. ఆమె ఒంగోలు నుంచి వచ్చి కొడుకు డేవిడ్ దగ్గర ఉంటున్నారు. నన్ను అన్నయ్యగారూ అని పిలుస్తారు. ఆమెకు ఎప్పటినుంచో ఉబ్బసం, సంచిలో ఇన్‌హేలర్ లేకుండా గడప దాటరు. ఆమె కుడి ముక్కు కోసం, ఎడమ ముక్కు కోసం విడివిడిగా ప్రార్థించారు. ఆ సేపంతా నేను మోకాళ్ళ మీదే ఉన్నాను. ఇసుకంతా కనుబొమల మీదికి వచ్చేసింది.

డైరీలో తరువాతి రోజులు: "మూడో రోజు, ఏమీ లేదు." "ఆరో రోజు, ఏమీ లేదు. డబ్బా ఖాళీదేమోనని ఊపి చూశాను." "తొమ్మిదో రోజు, తుమ్ములు నాలుగే."

సెప్టెంబరు 1న నిద్రలేస్తూనే ఏదో వాసన వచ్చింది. ఏమిటో తెలియక ఇల్లంతా తిరిగాను. అది ఆ ఇంటి కార్పెట్ వాసన. ఆగస్టులో మూసుకున్న ముక్కు మంచు మొదలయ్యేదాకా తెరుచుకునేది కాదు కనుక, సెప్టెంబరులో కూడా ఆ ఇంటికి వాసన ఉంటుందని మూడేళ్ళలో మొదటిసారి తెలిసింది. మధ్యాహ్నం కరుణమ్మ ఎండు రొయ్యలు వేయిస్తుంటే స్టవ్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

సెప్టెంబరు 5న పాస్టరుగారు అడిగారు: "అంకుల్, ఎలా ఉంది ముక్కు? లేచి సాక్ష్యం చెప్పండి."

లేచాను. మనసులో రెండు వాక్యాలు సిద్ధం చేసుకున్నాను. మొదటి వాక్యం, "మీరందరూ నాకోసం ప్రార్థన చేశారు, ఈ రోజు నా ముక్కు పూర్తిగా బాగైంది." రెండో వాక్యం, "డాక్టరుగారిచ్చిన స్ప్రే కూడా రోజూ వాడుతున్నాను." మొదటి వాక్యం అయ్యేసరికి "స్తోత్రం!" అని హాలు మారుమోగింది. సుగుణమ్మగారు "ఆమేన్!" అని రెండు చేతులూ ఎత్తారు. హార్మోనియం కీర్తన ఎత్తుకుంది. నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. పాట అయ్యాకైనా చెప్పవచ్చు. పాట మూడు చరణాలు, ఆలోచించుకోవడానికి చాలినంత సమయమే. నేను కూర్చున్నాను. ఎవరూ కూర్చోబెట్టలేదు.

గేజి దగ్గరికి దిగకుండా ఏనాడూ నీటిమట్టం రాయనివాణ్ణి. ఆరోజు డైరీలో "సాక్ష్యం చెప్పాను" అని మాత్రం రాసి పుస్తకం మూశాను.

సెప్టెంబరు 5 నుంచి 15

ఇంటికి రాగానే కరుణమ్మ అంది: "ప్రార్థనతో బాగైందని పదిమందిలో చెప్పారు. ఇంక ఆ స్టెరాయిడ్ ఎందుకండీ? చెప్పిందొకటి, చేసేదొకటి అవుతుంది."

గీత గీసిన వాక్యం నాకు గుర్తుంది. అయినా స్ప్రే అలమారలో పెట్టేశాను. ఎస్తేరుకి ఆ వారం వరసగా డ్యూటీలు, గమనించలేదు.

నాలుగు రోజులు బాగానే గడిచాయి. ఐదోరోజు ఇసుక తిరిగి వచ్చింది. సెప్టెంబరు 12 ఆదివారం మౌన ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుని ఉండగా నాకు తుమ్ము వచ్చింది. స్వస్థత పొందిన ముక్కు వారం తిరిగేసరికి తుమ్మితే ఎలా? ముక్కు బిగించి పట్టుకున్నాను. చెవులు గుయ్యిమన్నాయి, కళ్ళు చెమర్చాయి. పక్కనున్నాయన కళ్ళు తెరిచి చూసి, ఆత్మ కదిలించిందనుకుని భుజం తట్టాడు. ఇక ఆగదని తెలిసి కరుణమ్మ వైపు చూశాను. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురం. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, ఆ నిశ్శబ్దంలో ఉన్నట్టుండి గొంతెత్తి కీర్తన అందుకుంది. అందరూ ఉలిక్కిపడి కలిశారు. పల్లవిలో మూడు, అనుపల్లవిలో రెండు, చరణంలో రెండు, మొత్తం ఏడు తుమ్ములు నేను ఆ పాట కింద తుమ్మాను.

కారెక్కాక ఆమే అంది: "రేపటినుంచి కొట్టుకోండి ఆ మందు."

"మరి సాక్ష్యం?"

"దేవుడికి తెలుసు, డాక్టరుకి తెలుసు. మధ్యన వాళ్ళకెందుకు?"

సోమవారం నుంచి స్నానాలగదిలో తలుపు వేసుకుని కొట్టుకోవడం మొదలుపెట్టాను. చప్పుడు వినబడకుండా కుళాయి తిప్పేవాణ్ణి.

సెప్టెంబరు 16, గురువారం

ఉదయం పదింటికి సుగుణమ్మగారి కొడుకు డేవిడ్ ఫోన్ చేశాడు. "అంకుల్, అమ్మ ఇన్‌హేలర్ తీసుకోవట్లేదు. ఆ సండే మీ టెస్టిమొనీ విన్నప్పటినుంచీ ఆపేసిందంట. నాకు ఇవాళే తెలిసింది. బ్రీతింగ్ అస్సలు బాలేదు. హాస్పిటల్‌కి రమ్మంటే రాదు. దేవసహాయంగారు మందు లేకుండా బాగయ్యారు కదా అంటుంది. మీరొచ్చి చెప్పండి, ప్లీజ్."

ఎస్తేరు ఆరోజు ఇంట్లోనే ఉంది. కారులో ఆమెకు జరిగిందంతా చెప్పాను.

"స్ప్రే సంగతి చెప్పలేదా నాన్నా?"

"చెప్పబోయాను."

"చెప్పబోవడం ఏంటి నాన్నా! ముక్కు మూసుకుంటే నోటితో గాలి పీల్చుకుంటావు. ఆస్తమా మందు ఆపితే మనిషి పోతుంది. పోతుంది, అర్థమవుతోందా?"

అర్థమైంది. ఆ పావుగంట ప్రయాణంలో నాకు కలిగిన భయం నా ముక్కు మూడేళ్ళలో పెట్టిన బాధకన్నా ఎక్కువ. లాకు తలుపు సగం తెరిచి వదిలేసి వచ్చినట్టుగా ఉంది.

సుగుణమ్మగారు వంటింట్లో బల్లమీద రెండు అరచేతులూ ఆనించి కూర్చుని ఉన్నారు. ఒక్కో ఊపిరికీ భుజాలు పైకి లేస్తున్నాయి. "వందనాలండీ... కూర్చోండి... టీ పెడతాను" అన్నారు. ఆ మూడు మాటలకి మూడు ఊపిరులు పట్టాయి.

ఎస్తేరు ఆమె వీపుకి చెవి ఆనించి విని, నావైపు చూసి తల అడ్డంగా ఊపింది. "ఆంటీ, ఇప్పుడే పఫ్ తీసుకోవాలి. తరువాత హాస్పిటల్‌కి వెళ్దాం."

"లేదమ్మా... ఇది పరీక్ష. అన్నయ్యగారు... విశ్వాసంతో నిలబడ్డారు. నేనూ... నిలబడతాను."

బయలుదేరేటప్పుడు కోటు జేబులో వేసుకున్న స్ప్రే తీశాను. "అమ్మా, నేను నిలబడలేదు. మీరు ఆమేన్ అన్నాక కూర్చున్నాను. చెప్పాల్సింది ఇంకా ఉంది, చెప్పలేదు." అని, ఆమె ఎదుటే తల వంచి, కుడి ముక్కులో ఒకసారి, ఎడమ ముక్కులో ఒకసారి కొట్టుకున్నాను. వెంటనే రెండు తుమ్ములు తుమ్మాను.

ఆమె నన్ను, డబ్బాను, మళ్ళీ నన్ను చూశారు. "అంటే... ఆ సాక్ష్యం రోజు కూడా..."

"అప్పటికి పదహారు రోజులుగా. రోజుకు రెండుసార్లు. మధ్యలో ఆపితే మళ్ళీ మూసుకుంది. ఆదివారం పాట మధ్యన తుమ్మింది నేనే."

"నేను... కుడి ముక్కుకీ... ఎడమ ముక్కుకీ... గొంతు పోయేలా..." ఆమెకు కోపం వచ్చింది. ఊపిరి లేని మనిషికి అంత కోపం ఎక్కడినుంచి వచ్చిందో. "సంఘ పెద్దండీ మీరు! సిగ్గు లేదూ?"

"ఉందమ్మా. అందుకే కుళాయి తిప్పి కొట్టుకుంటున్నాను."

ఆమె నవ్వబోయారు. అది దగ్గయి, ఆ దగ్గు ఆగక, ముఖం నల్లబడింది. డేవిడ్ ఇన్‌హేలర్ చేతిలో పట్టుకుని నిలబడ్డచోటే బిగుసుకుపోయాడు. ఎస్తేరు దాన్ని అందుకునేలోపు ఆమే కొడుకువైపు చేయి చాచి, "ఏదీ, ఇలా తే" అన్నారు.

తీసుకున్నారు. కొంచెం తేరుకున్నాక ఆస్పత్రికి వెళ్ళాము. లోపల ఆమెకు మందుగాలి పెట్టి, మూడు గంటలు ఉంచుకున్నారు. తరువాత డిశ్చార్జి కాగితాల కోసం నా పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె గోడనే చూస్తున్నారు. నేను తుమ్మాను. గోడను చూస్తూనే టిష్యూ పెట్టె నావైపు జరిపారు. ఆ పెట్టెను నేను ఎప్పటికీ మరచిపోను.

సెప్టెంబరు 19, ఆదివారం

ముందే పాస్టరుగారికి అంతా చెప్పాను. ఆయన కాసేపు నేల చూసి, "హార్మోనియం వాయించమని చెయ్యి ఊపింది నేనే అంకుల్. మీరు ఇంకా నిలబడే ఉన్నారని చూశాను కూడా" అన్నారు. "ఈసారి మీరు కూర్చునేదాకా హార్మోనియం మూత తియ్యనివ్వను" అని మాట ఇచ్చారు.

డైరీ తీసుకుని లేచాను. ఆగస్టు 20 నుంచి తేదీల వారీగా చదివాను. దవనం దగ్గర నవ్వారు. పల్లవిలో మూడు తుమ్ముల దగ్గర కరుణమ్మ తల దించుకుంది. స్తోత్రం ఎక్కడ అనాలో ఎవరికీ తెలియక ఎవరూ అనలేదు. చివర ఇలా చెప్పాను: "ప్రార్థన వల్ల ఎంత, మందు వల్ల ఎంత అని నేను పంచలేను. రెండూ ఒకే వారంలో మొదలయ్యాయి. మీరు ప్రార్థన ఆపారో లేదో నాకు తెలియదు. మందు ఆపింది మాత్రం నేను. ఐదోరోజు ముక్కు మూసుకుంది. అది ఇక్కడ రాసి ఉంది. నా సగం మాట విని ఎవరైనా మందు ఆపి ఉంటే, ఈరోజే మళ్ళీ మొదలుపెట్టండి. నన్ను క్షమించండి." ఎవరి పేరూ చెప్పలేదు. గొంతు ఇంకా ముక్కుతోనే పలుకుతోంది కనుక, రుజువు వేరే అక్కరలేకపోయింది.

సంఘ పెద్ద పదవి పోతుందనుకున్నాను. టీ దగ్గర ఎవరూ దగ్గరికి రారని కూడా అనుకున్నాను. ఒక్కొక్కరే వచ్చారు. హార్మోనియం వాయించే ఆయన సమోసా ప్లేటు అడ్డం పెట్టుకుని, "నాకు బి.పి. అంకుల్. మూడేళ్ళుగా మాత్ర వేసుకుంటున్నా. ఇక్కడ చెప్పలేదు" అన్నాడు. ఒక పెద్దావిడ షుగరు మాత్రలు బైబిలు సంచిలో పెట్టుకున్నానని చెవిలో చెప్పింది. ఆఖరున పాస్టరుగారు వచ్చి, అటూ ఇటూ చూసి, "మొన చెవి వైపు తిప్పాలన్నారే, ఏ చెవి అంకుల్? అదే వైపు చెవా, అవతలిదా?" అని అడిగారు. ఆయనకీ నెలరోజులుగా స్ప్రే ఉందట. ముక్కులోంచి రక్తం వస్తోందట. అదే వైపు చెవి అని చెప్పి, ఎస్తేరు చూపినట్టు చూపించాను.

సుగుణమ్మగారు ఆరోజు రాలేదు. ఇంకా నీరసంగా ఉన్నారని డేవిడ్ చెప్పాడు. మరో కారణం ఉందేమోనని నాకు భయం.

తరువాతి ఆదివారం వచ్చారు. ప్రార్థనాంశాలు అడిగినప్పుడు అందరికన్నా ముందు ఆమే లేచారు. సంచిలోంచి ఇన్‌హేలర్ తీసి అందరికీ కనబడేలా పైకెత్తి పట్టుకున్నారు.

"నేను ఇది రోజూ మానకుండా వాడేలా ప్రార్థించండి. నాకు మొండితనం ఎక్కువ. మళ్ళీ మానతానేమోనని నా మీద నాకే నమ్మకం లేదు." నావైపు తిరిగారు. "అన్నయ్యగారు ప్రార్థన మొదలుపెడతారు. పూర్తిగా చేస్తారు. మధ్యలో కూర్చోరు."

మోకరించాను. నుదుటి వెనక ఇసుక ఇంకా కొంచెం ఉంది. ఆమె కుడి ఊపిరితిత్తి కోసం ఒకసారి, ఎడమ ఊపిరితిత్తి కోసం ఒకసారి, పొద్దుటి పఫ్ కోసం, సాయంత్రం పఫ్ కోసం విడివిడిగా ప్రార్థించాను. పదకొండు నిమిషాలు పట్టిందని కరుణమ్మ తరువాత చెప్పింది.